ఇటుక రంగు నీళ్లు

కర్నూలు
10 ఫిబ్రవరి 1955

ప్రియమైన పెద్దమ్మకు,

నీకు, పెద్దనాన్నకు సలోమి వందనాలు.

ఒక మాట నీకు రాయాలని మూడు వారాలుగా కాగితం తీయడం, మళ్లీ లోపల పెట్టడం చేస్తున్నాను. నువ్వు ఎదురుగా ఉంటే అసలు చెప్పలేను. కాగితం మీదైతే తల ఎత్తనవసరం లేదు. నాకు అయిదో నెల.

రాసేశాను. ఇక మిగతావి సులభం.

ఈయన ఆఫీసు ఇంకా గుడారంలోనే నడుస్తోంది. గాలి వచ్చినప్పుడు టైపు మిషను మీదికి దుమ్ము, దుమ్ము లేనప్పుడు ఎండ. రాజధాని అంటే ఇంత దుమ్ము ఉంటుందని తెలిస్తే ఎవరూ అడిగేవాళ్లు కారని అంటారు. మాకు ఒక గది, వంటకు ఒక వసారా. పక్కింట్లో ఖాజాబీ అనే పెద్దామె ఉంది. నేను నోరు విప్పకపోయినా రోజంతా నాతో మాట్లాడుతుంది. నాకు ఆమె చాలా నచ్చింది.

ఒంట్లో బాగానే ఉంది, ఒక్క దాహం తప్ప. పగలంతా తాగుతూనే ఉన్నాను. ఈ ఏడు తుంగభద్ర ఎండితే తప్పు నాదేనని ఈయన ఎగతాళి. స్నానం చేసే మూలలో చీమలు బారులు తీరుతున్నాయి. "ఆడ బెల్లం కడిగినావా ఏంది బేటీ?" అని ఖాజాబీ అడిగింది. కడుపు అప్పుడే ఏడో నెల లాగా కనిపిస్తోంది. పహిల్వాను పుడతాడట.

మొదటి కాన్పు పుట్టింట్లో కావాలి గదా. అమ్మ పోయాక నాలుగేళ్ల నన్ను చంకనేసుకుని మీ ఇంటికి తెచ్చింది నువ్వు. నాకు పుట్టిల్లంటే నువ్వే. ఏప్రిల్లో వచ్చి నన్ను తీసుకొని పో. వచ్చేటప్పుడు కజ్జికాయలు తే, కొబ్బరి ఎక్కువ వేసి. నీకు పిల్లలు లేరు కాబట్టి ఇదంతా నీకూ కొత్తే. ఇద్దరం కలిసి నేర్చుకుందాం.

నీ
సలోమి

*

నల్లగుట్టపల్లె, జమ్మలమడుగు తాలూకా
19 ఫిబ్రవరి 1955

సలోమమ్మా,

జాబు అందె. దేవునికి స్తోత్రం.

ఇది చదివిన మరుసటి పొద్దే ఆసుపత్రికి పో. నువ్వు ఒంటికి పోయినప్పుడు వచ్చే నీళ్లు సీసాలో పట్టి డాక్టరమ్మకియ్యి. దాహం సంగతి, చీమల సంగతి చెప్పు, సిగ్గుపడి మింగొద్దు. ఈడికి రావద్దు. నేను రాను, కజ్జికాయలు పంపను. ఏంటికని అడగొద్దు.

జీవమ్మ

*

కర్నూలు
3 మార్చి 1955

పెద్దమ్మకు సలోమి వందనాలు.

నీ ఉత్తరం అందింది. వెనక వైపు ఏమైనా ఉందేమోనని తిప్పి చూశాను. ఏమీ లేదు.

నువ్వు చెప్పినట్టే ఆసుపత్రికి వెళ్లాను. సీసాకు దినపత్రిక చుట్టి, దాని మీద రుమాలు చుట్టి, సంచిలో పెట్టుకొని. కాంపౌండరు అందరి ముందూ ఆ చుట్టలన్నీ విప్పాడు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

డాక్టరమ్మ మాత్రం నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకుంది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, నా సీసాలోంచి ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద మరగబెట్టింది. మొదట నీలం. కాసేపటికి ఆకుపచ్చ, తర్వాత పసుపు, నారింజ, చివరికి కొత్తగా కాల్చిన ఇటుక రంగు. నాకు తెలియక "ఎంత బాగుందో" అన్నాను.

"అంత బాగుండకూడదమ్మా," అంది డాక్టరమ్మ.

చక్కెర జబ్బట. అది ముసలివాళ్లకు వస్తుందని విన్నాను. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తుందట. తిన్నదానిలోని చక్కెరను ఒళ్లు వాడుకోలేక రక్తంలోనే ఉంచేస్తుంది. అది బిడ్డకూ చేరుతుంది. బిడ్డ లావెక్కుతాడు కానీ బలం ఉండదు. ఏమీ చేయకుండా వదిలేస్తే చివరి నెలలో లోపలే పోవచ్చు, పుట్టిన మర్నాడు పోవచ్చు. అదుపులో పెడితే దక్కే అవకాశం బాగా ఉంది. ఆమె ఇవన్నీ మెత్తగా చెప్పలేదు. వరుసగా చెప్పి, "అర్థమయిందా?" అంది. అయిందన్నాను. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఈయన నా పక్కన కూర్చుని, ఏం చేయాలో తెలియక సంచి మడతలు సరిచేశారు.

ఇంగ్లీషులో ఒక కాగితం ఇచ్చారు. రొట్టె ఇన్ని ఔన్సులు, వెన్న ఇన్ని ఔన్సులు, కమలాపండు సగం. మా ఇంట్లో వెన్న లేదు, ఔన్సులు తూచే తక్కెడ అంతకన్నా లేదు. గాజు గొట్టాలు, దీపం, నీలం మందు ఈయన కొనుక్కొచ్చారు. రోజూ మూడుసార్లు మేమే చూసి రంగు పుస్తకంలో రాయాలి. ఈయన రంగులు ఎంత శ్రద్ధగా రాస్తారంటే, ఆఫీసులో అలా రాస్తే ఈపాటికి పెద్ద గుమాస్తా అయ్యేవారు.

నువ్వు నన్ను రావద్దన్నావు. డాక్టరమ్మ కూడా ఊరు వదలవద్దంది. కనుక నీ మాటే నెగ్గింది.

సలోమి

*

నల్లగుట్టపల్లె
12 మార్చి 1955

నా తల్లీ సలోమమ్మా,

కోపంగా రాస్తివి. రాయి. నన్ను తిట్టుకో గానీ రంగు చూసుకోవడం మానొద్దు. నాకు నీ మాదిరి రాసే భాష రాదు, మాట్లాడినట్టే రాస్తాండా.

ఔన్సులు మనకేంటికి? దేవుడు అందరికీ ఒక తక్కెడ ఇచ్చినాడు, పిడికిలి. ఇన్నేండ్ల నుంచి పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా గుడికని ఒక పిడికెడు గింజలు పక్కకు తీస్తాండా గదా. నెల అయినంక పాస్టరమ్మ తూస్తే ఏ నెలా తేడా రాదు. ఆయమ్మ నన్ను సర్కారు తక్కెడంటాది. నీ పిడికిలి నాదాని కంటే చిన్నది. నీ కడుపుకు నీ పిడికిలే కొలత. పూటకు కొర్రలు పిడికిలిన్నర, పప్పు ఒక పిడికిలి, ఆకుకూర నీకిష్టమొచ్చినంత. రాత్రికి జొన్నరొట్టె ఒకటి. చిక్కుడుగింజలు, గుడ్డు, పలచని మజ్జిగ. ఒకే తూరి కడుపు నిండా తినొద్దు. అదే తిండి అయిదు తూర్లకు పంచుకో. ఇది డాక్టరమ్మకు చూపించి, సరే అంటేనే తిను. కొర్రలు, చిక్కుడుగింజలు మూటగట్టి బాలస్వామి చేతికిచ్చి పంపిస్తాండా. వాడు కర్నూలుకు ఎద్దులు చూసేకి పోతాండాడు.

మీ పెద్దనాయన మూటలోకి బెల్లం అచ్చు ఒకటి తోసినాడు. "డాక్టరమ్మ చక్కెర గదా తినొద్దనింది. బెల్లం అనిందా?" అంటాడు. "నీకు అరవై ఏండ్లు ఏంటికొచ్చినాయప్పా?" అని బయటికి తీసేస్తి. ఇప్పుడు దాన్ని ఆయనే కొరుక్కుంటాండాడు.

ఇంకొకటి. నీ పేరు చెప్పి మా ఆడోళ్లందరం మంచి శుక్రవారం నాడు పొద్దు మునిగేదాకా పచ్చి నీళ్లు గూడ ముట్టకుండా ఉపవాసం ఉండాలనుకుంటిమి. పదకొండు మంది అయితిమి. నువ్వు గూడ ఆ పొద్దు మాతో ఉండు, ఆడ్నుంచే. అందరి ప్రార్థన ఒకటిగా పోవాల.

నీ పెద్దమ్మ
జీవమ్మ

*

కర్నూలు
27 మార్చి 1955

పెద్దమ్మకు ప్రేమతో సలోమి వందనాలు.

కొర్రలు అందాయి. బాలస్వామి అన్న మా గుమ్మంలో నిలబడి, "ఏం పాపా, ఇంత బక్కగయితివి!" అన్నాడు. కడుపు కనపడలేదో, కనపడినా మర్యాదకు అన్నాడో.

నీ పిడికిలి లెక్క డాక్టరమ్మకు చూపించాను. ఆమె నా పిడికిలి పట్టి చూసి, కొర్రలు తూయించి, తలాడించింది. "ఇది ఎవరు రాశారు?" అంది. మా పెద్దమ్మ అన్నాను. "నర్సా?" అంది. కాదు, బైబిలమ్మ, ఇంటింటికీ తిరిగి వాక్యం చెబుతుంది, ఆడపిల్లలకు అక్షరాలు నేర్పుతుంది అన్నాను. ఒకే ఊపిరిలో నేను అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

మధ్యాహ్నం రంగు ఆకుపచ్చకు దిగింది. పొద్దున మాత్రం నారింజ కన్నా తగ్గడం లేదు. అందుకని సూది మొదలుపెట్టారు. ఇన్సులిన్ అంటారు. రోజూ పొద్దున, తిండికి అరగంట ముందు. గాజు సిరంజి మరగబెట్టి తొడకు వేయాలి. ఈయన వంకాయల మీద నేర్చుకున్నారు. మూడు వంకాయలు పోయాక నా వంతు వచ్చింది. వంకాయలు అరవవు. నేను కూడా అరవకుండా వాటి పరువు నిలబెట్టాను. మందు సీసాను తడి ఇసుక పోసిన కుండలో పెట్టాం, ఎండకు చెడిపోకుండా.

నేను డాక్టరమ్మను అడగదలచినవి చీటీ మీద రాసి తీసుకుపోతాను. నోటితో అయితే సగం మరచిపోతాను, మిగతా సగానికి సిగ్గు.

మంచి శుక్రవారం తప్పక ఉంటాను. నీకు, నాకు మధ్య ఏదో వచ్చింది, అదేమిటో తెలియదు. ఆ ఒక్క రోజైనా నీతో కూర్చున్నట్టు ఉంటుంది. ఈయనకు చెప్పలేదు, వద్దంటారు.

నీ
సలోమి

*

కర్నూలు
13 ఏప్రిల్ 1955

ప్రియమైన పెద్దమ్మా,

ముందుగా ఒక మాట. నేను బాగున్నాను, లోపల బిడ్డ తంతున్నాడు. ఇక జరిగింది చదువు.

మంచి శుక్రవారం పొద్దున ఈయన ఎప్పటిలా సూది వేసి, పాటల బృందంతో కలవాలని ముందుగా గుడికి వెళ్లారు. నేను అరగంట తర్వాత తింటానని చెప్పాను. తినలేదు. పది గంటలకు బైబిలు తెరిచాను. అక్షరాలు నీళ్లలో లాగా కదిలాయి. చేతులు వణికాయి. ఒళ్లంతా చెమట. భక్తి వల్ల ఇలా అవుతుందేమో అనుకున్నాను, నవ్వకు. లేవబోయి గోడ పట్టుకున్నాను. నా నోటి నుంచి ఏం వచ్చిందో నాకు తెలియదు, ఖాజాబీని పిలిచానట.

ఆ రోజు వాళ్లకు షబేబరాత్ పండుగ. ఆమె పొయ్యి దగ్గర హల్వా కలుపుతోంది. గరిటెతో సహా పరుగెత్తి వచ్చింది. ఆమె చెల్లెలి కొడుక్కు ఈ సూదులే వేస్తారట. నన్ను చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"నోరు తెరువు బేటీ!"

"ఉపవాసం..." అన్నాను.

"ఖుదాకు నేను జవాబు చెప్పుకుంటా. నువ్వు మింగు!"

వేడి హల్వా నోట్లో కుక్కింది. నాలుక కాలింది. కొద్దిసేపటికి గోడ గోడలాగా నిలబడింది.

డాక్టరమ్మ కోప్పడింది. సూది వేసుకున్న తర్వాత తినకపోతే చక్కెర పూర్తిగా పడిపోతుందట. "ఎక్కువయితే నెమ్మదిగా చంపుతుంది, తక్కువయితే గంటలో చంపుతుంది. ఉపవాసం సంగతి నీ చీటీలో ఎందుకు రాయలేదు?" అంది. రాస్తే వద్దంటుందని నాకు తెలుసు, అందుకే రాయలేదు. ఇప్పుడు ఎప్పుడూ కొంగున బెల్లం ముక్క కట్టుకొని తిరుగుతున్నాను. పెద్దనాన్నతో చెప్పు, చివరికి ఆయన మాట కూడా నెగ్గిందని.

ఇంకా ఆమె ఒక విషయం అడిగింది. మా అమ్మ వైపు ఎవరికైనా మరీ పెద్ద బిడ్డలు పుట్టి పోయారా అని. ఎవరూ లేరన్నాను. నిజమే కదా?

సలోమి

*

కర్నూలు
1 మే 1955

పెద్దమ్మా, నీ దగ్గర నుంచి జాబు లేదు. ఉపవాసం చెడగొట్టానని కోపమా? ఒంట్లో బాగాలేదా? ఒక్క కార్డు ముక్క రాయి. – సలోమి

*

నల్లగుట్టపల్లె
8 మే 1955

సలోమీ,

కోపం లేదు. నాకు నీ మీద యా పొద్దూ కోపం రాల్యా.

డాక్టరమ్మ అడిగిందానికి నువ్వు తప్పు చెప్తివి. నీ తప్పు కాదు, నీకెవురూ చెప్పల్యా. ఈ ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని నేనే మీ పెద్దనాయనతో ఒట్టు పెట్టించుకుంటి.

నాకు ముగ్గురు పుట్టిరి.

మొదుట మగబిడ్డ. మంత్రసాని శేషన్న పెండ్లాం "ఇంత బిడ్డను యాడా చూళ్లేదమ్మా" అనె. మూడు నెలల బిడ్డ మాదిరి ఉండె. ఏడవల్యా. రెండోది ఆడబిడ్డ, అదీ అంతే పెద్దది. ఏడిసె. చూసేకి ఊరంతా వచ్చిరి. మరుసటి పొద్దు చేతులు కాళ్లు గజగజ వణికె, ఆగిపోయె, మల్ల వణికె. మధ్యాన్నానికి నా చేతిలోనే పోయె. మూడోది మగబిడ్డ. తొమ్మిదో నెలలో ఒకనాడు కదలడం మానె.

ముగ్గురికీ అదే దాహం. నీ మొదుటి జాబులో నువ్వు రాసిన దాహమే. మా అత్త "నీళ్లు తాగి తాగి బిడ్డను ముంచితివి గదే" అనె. కుండ మీద చేయి పెట్టనీకపోతే పశువుల తొట్లో తాగితి. పెరట్లో చీమలు పట్టె. అది చూసి చేతబడి అనిరి కొందరు, నా పాపం అనిరి గుళ్లో పెద్దలు. "దాని చేతిలో బిడ్డ నిలవదు" అని అందరూ అనిరి. అది నేనూ నమ్మితి. అప్పుటి నుంచి కడుపుతో ఉండే ఆడోళ్లుండే ఇంటికి వాక్యం చెప్పేకి గూడ పోను, గడప బయటే నిలబడి చెప్పి వస్తా.

నిన్ను చంకనేసుకొని తెస్తినని రాస్తివి. లేదు తల్లీ. నిన్ను ఎత్తుకొనింది మీ పెద్దనాయన. నేను పక్కన నడిస్తి. నీకు ఏడేండ్లు వచ్చేదాకా నిన్ను ఎత్తుకోల్యా. నీకు గుర్తు లేదు, నాకు గుర్తుండాది.

మిషన్ ఆసుపత్రిలో రోగులకు వాక్యం చదివేకి పోయినప్పుడు ఒక ముసలాయనకు చక్కెర జబ్బని, చీమలు పడతాయని విన్నా. ఆ మాట నా లోపల అట్లే ఉండిపోయె. కడుపుతో ఉండే పేదపిల్లకు గూడ వస్తాదని ఎవురూ చెప్పల్యా. నేనూ అడగల్యా. నీ జాబులో చీమల మాట చదివినంక ఆ జబ్బే అని తెలిసె. అందుకే అట్ల కట్టె విరిచినట్టు రాస్తి.

నేను దూరం ఉంటే నీకు మంచిదనుకుంటి. ఏమాయె? ఉపవాసముండమని రాస్తి, నీ ప్రాణం మీదికి తెస్తి. జాబులో పోయినా నా చెయ్యి నా చెయ్యే. అందుకే రాయడం మాన్తి. ఇంక నన్ను పిలవొద్దు. రోజూ మోకాళ్ల మీద ఉంటాండా, అది చాలు.

జీవమ్మ

*

కర్నూలు
18 మే 1955

మా పెద్దమ్మకు,

నీ ఉత్తరం డాక్టరమ్మకు చదివి వినిపించాను. నేను, నోటితో, పైకి. ఆమె చివరిదాకా విని మళ్లీ మొదటి నుంచి చదవమంది. నా కాగితాల్లో రాసుకుంది. తల్లి అక్క, ముగ్గురు, పెద్ద బిడ్డలు, దాహం. తర్వాత కలం మూసి, "ఇది ఆమెకు ఎవరైనా చెప్పారా?" అంది. లేదన్నాను. "అయితే నేను చెప్పేది నా మాటల్లోనే రాయి" అంది. రాస్తున్నాను.

నీళ్లు తాగినందుకు బిడ్డలు పోలేదు. దాహం జబ్బుకు గుర్తు, కారణం కాదు. నీ రక్తంలో చక్కెర ఎక్కువయింది, అది బిడ్డలకు చేరింది. రెండో బిడ్డకు వణుకు వచ్చింది పుట్టాక చక్కెర ఒక్కసారిగా పడిపోయినందుకు, నాకు మంచి శుక్రవారం నాడు వచ్చినట్టే. అప్పట్లో ఈ చుట్టుపక్కల దాన్ని కనిపెట్టి చూసేవాళ్లు ఎవరూ లేరు. ఇది రక్తంలో వచ్చేది. నీకూ నాకూ ఒకే రక్తం. నీ చేతికి దీనితో ఏ సంబంధమూ లేదు. నువ్వు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి, ఇది తప్పనిసరి.

ఇక్కడి దాకా ఆమె మాటలు. ఇవి నావి.

జాబులో పోయినా నా చెయ్యి నా చెయ్యే అన్నావు. అవును. ఫిబ్రవరిలో ఆ చెయ్యి వచ్చి నన్ను ఆసుపత్రికి లాక్కుపోయింది. నువ్వు ఆ కట్టె విరిచినట్టు రాయకపోతే ఇప్పటికీ నేను పహిల్వాను పుడతాడని మురుస్తూ కూర్చునేదాన్ని. ఉపవాసం తప్పులో సగం నాది, చీటీలో రాయనిది నేను.

"నీకు పిల్లలు లేరు" అని రాశాను. అది నువ్వు ఎలా చదివావో తలచుకుంటే నాకు తిండి దిగడం లేదు. తింటున్నాను, సూది ఉంది కనుక.

మే చివరలో ఆసుపత్రిలో చేరమన్నారు. నెలలు నిండేదాకా ఆగరు. మూడు వారాల ముందే ఆపరేషన్ చేసి తీస్తారు. చివరి వారాలే అన్నిటికన్నా అపాయం. నాకు భయంగా ఉంది, పెద్దమ్మా. పుస్తకాలు చదివితే భయం పోతుందనుకున్నాను, పోలేదు. నువ్వు రా.

నీ
సలోమి

*

నల్లగుట్టపల్లె
26 మే 1955

సలోమమ్మా, వస్తాండా. కోయిలకుంట్ల మీద వచ్చే బస్సుకు. వరండాలో ఉంటా. నీ తల దువ్వుతా, బట్టలు ఉతుకుతా, ఏం చేయమంటే అది చేస్తా. ఒకటే మాట. బిడ్డను మాత్రం నా చేతికియ్యొద్దు. – జీవమ్మ

*

కర్నూలు
25 జులై 1955

ప్రియమైన పెద్దమ్మకు,

సలోమి వందనాలు. నీ మనవడు దయానందం కూడా చేతులు జోడించాడు, నేను పట్టుకుని జోడించాను.

వాడు బాగా పాలు తాగుతున్నాడు. పుట్టినప్పుడు తొమ్మిది పౌన్లు ఉన్నవాడు మొదట తగ్గి, మళ్లీ పెరిగాడు. నాకు కుట్లు మానాయి. సూది మానేసి నెల దాటింది. పొద్దున్నా, సాయంత్రమూ నీలమే. అయినా ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి, ఈ జబ్బు మళ్లీ తలుపు తట్టవచ్చట. ఇంకో కాన్పు వస్తే మొదటి నెల నుంచే చూసుకోవాలి. గొట్టాలు కడిగి అటక మీద పెట్టాం. ఈయనకు ఇప్పుడు పొద్దున్నే ఏం చేయాలో తోచక బిడ్డ గుడ్డల రంగు రాసుకుంటున్నారు.

ఒక మాట అడుగుతాను, కోపగించుకోకు. నువ్వు ఆసుపత్రిలో పద్నాలుగు రోజులు ఉన్నావు. నాకు జ్వరంతో మొదటి మూడు రోజులు ఏమీ గుర్తు లేదు. లేచినప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. నా తల దువ్వావు, గంజి తాగించావు, పక్క మంచం ఆమె బట్టలు కూడా ఉతికావు. వాణ్ని ఎత్తుకోమంటే "చేతులు తడి" అన్నావు. పద్నాలుగు రోజులూ తడేనా పెద్దమ్మా?

డాక్టరమ్మ చెప్పింది నేను నమ్మాను. ఈయన నమ్మారు. ఖాజాబీ కూడా నమ్మింది. నువ్వు ఒక్కదానివే నమ్మలేదు. వాడి ముఖం కూడా సరిగా చూడకుండా బస్సెక్కావు. ఆ రోజంతా నేను ఏడ్చాను. రాయకూడదనుకున్నాను, రాసేశాను.

నీ
సలోమి

*

నల్లగుట్టపల్లె
14 ఆగస్టు 1955

నా బంగారు సలోమమ్మా,

వాని ముఖం చూడల్యా అంటావా? ఎడమ చెవి వెనక ఆవగింజంత మచ్చ ఉండాది. చూసినావా నువ్వు? పోయి చూడు, ఆమీద చదువు.

బిడ్డ పుట్టిన మరుసటి పొద్దు. నువ్వు జ్వరంలో మగతగా ఉండావు, మీ ఆయన లేవి మందుకని అంగడికి పోయినాడు. నేను వరండాలో నీ గుడ్డలు పిండుతాంటి. కిటికీలోంచి ఉయ్యాల దిక్కు చూస్తి. బిడ్డ చేతులు గజగజ వణికె, ఆగె, మల్ల వణికె. ఆ వణుకు నాకు తెలుసు. ఇరవై అయిదేండ్ల కింద అది చలి అనుకొని కంబళి కప్పితి. ఈసారి కప్పల్యా. వార్డంతా అదిరేట్టు అరిస్తి. నర్సు మహాదేవమ్మ ఉరికి వచ్చె. డాక్టరమ్మ చూసి, చక్కెర నీళ్లు చెంచాతో చుక్క చుక్కగా పోయాల, వణుకు నిలిచేదాకా పావుగంటకొకసారి పోస్తానే ఉండాల అనె. ఇన్ని నెలలు యా చక్కెరను చూసి భయపడితిమో, అదే వానికి మందు.

లోపల ఇంకా ఇద్దరు నొప్పులు పడతాండిరి. మహాదేవమ్మ ఒక్కతే. ఆయమ్మ నన్ను అడగల్యా, చెప్పల్యా. బిడ్డను ఎత్తి నా చేతుల్లో పెట్టి, "తల కొంచెం పైకి పట్టుకోమ్మా, పోస్తానే ఉండు" అని పోయె. నా చేతులు నిజంగానే తడి. కొంగుకు తుడుచుకునేకి గూడ పొద్దు ల్యా.

తొమ్మిదింటికి మొదలు పెడితి. చెంచా పోసేది, చూసేది. వణికేది. మల్ల పోసేది. ప్రార్థన చేద్దామంటే మాటలు రాల్యా, చెంచాలు లెక్కపెడితి. పన్నెండింటికి వణుకు తగ్గె. నాలుగు గంట కొట్టేటప్పుటికి చెంచాను చిగుళ్లతో పట్టుకొని వదల్యా. మహాదేవమ్మ వచ్చి చూసి నవ్వి, "ఇంక ఇట్లియ్యి, నువ్వు పోయి ఇంత తిను" అనె. ఇచ్చి వరండాలోకి వచ్చి కూలబడితి. నీకు చెప్పొద్దని ఆయమ్మకు నేనే చెప్తి.

మల్ల ఏంటికి ఎత్తుకోల్యా అంటావా? ఆ పొద్దు ఎత్తుకొనింది పని కోసం. నువ్వు నవ్వుతా చేతులు చాపి ఇస్తివే, అది సంతోషం. పనికి నాకు భయం రాదు సలోమీ. సంతోషానికే.

డాక్టరమ్మ మాట నేను నమ్మల్యా అంటివి. నిజమే. చెవితో వినింది లోపలికి దిగల్యా. పోయిన వారం మిషన్ ఆసుపత్రికి పోయి నా సీసా ఇస్తి. నన్నూ పక్కన నిలబెట్టుకోమని అడిగితి. నీలం పోసి మరగబెట్టిరి. నువ్వు రాసిన మాదిరే వచ్చె, ఇటుక రంగు. నాకు భయం కాల్యా. ఆ గొట్టం దిక్కు చూస్తానే ఉంటి. మా అత్త చెప్పిన పాపం, ఊరోళ్లు చెప్పిన చెయ్యి, ఏదీ దాంట్లో ల్యా. చక్కెరే ఉండాది. ఆడ్నే నిలబడి ఏడిస్తి. ఆ కాంపౌండరు "భయపడొద్దమ్మా, మందుండాది" అంటాడు. వానికి ఏం చెప్పాల?

నాకూ ఇప్పుడు కొర్రలే. మీ పెద్దనాయన నా ముందర బెల్లం తినేకి సిగ్గుపడి గడ్డివామి వెనక్కు పోతాండాడు.

నిన్న దాసన్న కోడలు, ఆరో నెల, గడప కాడ నిలబడి "లోపలికి రా అవ్వా" అనె. ఇన్నేండ్లు బయట నిలబడిన గడప. పోతి. కూర్చొని, "దాహం అయితాందా? చీమలు పడతాండాయా?" అని అడిగితి. లేదనె. అయినా వచ్చే వారం ఆసుపత్రికి తీసుకపోతానంటి.

ఇరవై తేదీ శనివారం బస్సుకు వస్తాండా. మీ పెద్దనాయన గూడ వస్తాడు, మూటలు ఆయన మోస్తాడు. నా చేతులు ఖాళీగా ఉంటాయి. బస్టాండుకు బిడ్డను తీసుకొని రా. నేను దిగంగానే వాన్ని నాకియ్యి. నిద్రపోతాంటే లేస్తాడని చూడొద్దు, అట్లే ఇయ్యి.

నీ పెద్దమ్మ
జీవమ్మ